శమని ఆపిన రోజు

"కట్" అంది దర్శకురాలు మేరీ రత్నం. ఆమె గొంతులో కోపం లేదు, దిగులుంది.

గవర్రాజు చేతిలోని గాజుగ్లాసు కొంచెమైనా వణకలేదు. కథ ప్రకారం అతను తాగుడు మానడానికి నానా తంటాలు పడుతున్న లారీ డ్రైవరు. గ్లాసు కంటపడగానే ఒళ్లంతా దాని కోసం కొట్టుకుపోవాలి. ఆ తపనను అతను మనసులోకి తెచ్చుకోబోయిన ప్రతిసారీ కుడిచెవి వెనక, చర్మం కింద, ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగి ఆరిపోతోంది. వెంటనే ముఖం తేటపడిపోతోంది.

"మీ శమని మీకంటే చురుగ్గా ఉందండీ" అంది మేరీ రత్నం.

శమని బియ్యపుగింజంత పరికరం. కోరిక తలెత్తకముందే మెదడులో దాని అలికిడి పసిగట్టి చల్లార్చేస్తుంది. మద్యమైనా, జూదమైనా, పొగాకైనా ఒకటే వైద్యం. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లినవాడు సాయంత్రానికి మామూలు మనిషై ఇంటికొస్తాడు. కాకినాడలో మందు మాన్పించే కేంద్రాలన్నీ ఎప్పుడో మూతపడి కుట్టు శిక్షణాలయాలయ్యాయి. పెళ్లిచూపుల్లో "అబ్బాయికి శమని పెట్టించారా?" అని మొహమాటం లేకుండా అడుగుతున్నారు. అది నిలబెట్టిన కాపురాలు ఎన్నో. మేరీ రత్నానికి కూడా దానిమీద గౌరవమే.

అయితే ఆమె తీస్తున్నది శమని లేని కాలపు కథ. పడుతూ లేస్తూ, సొంత బలంతో మానుకున్న మనుషుల కథ. పెద్ద సంస్థలేవీ ముందుకు రాకపోతే స్నేహితుల సాయంతో మొదలుపెట్టింది. కుర్రనటులకు ఆ తపన ఎలా ఉంటుందో తెలియనే తెలియదు. అందుకే, ఒకప్పుడు తాగి తాగి నాటకాలూ ఇల్లూ పోగొట్టుకున్న రంగస్థల నటుడు గవర్రాజును వెతుక్కుంటూ వెళ్లింది.

గవర్రాజు గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కరోజు దీన్ని ఆపించేద్దామండీ."

"వద్దండీ. సినిమా కోసం మనిషిని పణం పెట్టలేను."

"మీరు అడగలేదు కదా. నేనే అంటున్నాను."

శమని ఆపాలంటే, తిరిగి పనిచేసేదాకా ఇంటివాళ్లెవరో ఒకరు పక్కన ఉండాలన్నది నియమం. గవర్రాజుకు ఉన్నది కూతురు లోవకుమారి ఒక్కతే. పెద్దమ్మ దగ్గర పెరిగి, ఇప్పుడు పోర్టులో క్రేన్ నడుపుతోంది. తండ్రి బాగుపడి వచ్చిన నాటినుంచి ఆమె అతన్ని ఏ లోటూ లేకుండా చూసుకుంది. వస్తే కాఫీ ఇచ్చేది, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది. చిన్నప్పుడు 'నువ్వు' అని పిలిచిన పిల్ల, ఇప్పుడు 'మీరు' అనేది.

"సుఖంగానే ఉన్నారు కదా, నాన్నా. ఎందుకు మీకిది?" అని అడిగింది.

"ఉన్నానమ్మా. ఈ వేషం మాత్రం సుఖంగా కూర్చుని వెయ్యలేను."

పొద్దున్నే డాక్టరు శమనిని నిద్రపుచ్చి, లోవకుమారి ముంజేతికి ఒక పట్టీ కట్టాడు. దానిమీది మీట నొక్కితే చాలు, శమని ఆ క్షణమే మేలుకుంటుంది.

మధ్యాహ్నానికి గవర్రాజు నోరు ఎండిపోయింది. మీసం అంటించడానికి మేకప్‌మాన్ సీసా మూత తీస్తే, ఆ స్పిరిట్ వాసనకు తనకు తెలియకుండానే సీసా వైపు వంగాడు. మంచినీళ్లు తాగాడు. అటూఇటూ తిరిగాడు. చివరికి కూతురితో, "వ్యాన్లో కళ్లజోడు మర్చిపోయాను, తెచ్చిపెట్టమ్మా" అన్నాడు.

వ్యాన్లో కళ్లజోడు లేదు. తిరిగొచ్చేసరికి తండ్రీ లేడు.

లోవకుమారికి దారి ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఎన్నోసార్లు ఇలాగే వెతుక్కుంటూ తిరిగిన పిల్ల. చేపలరేవు పక్కన, టూరిస్టుల కోసం ఇంకా మద్యం పోసే హోటల్ ఉంది. కిటికీ అద్దంలోంచి తండ్రి కనిపించాడు. ముందు నిండుగ్లాసు.

ఆమె వేలు మీటమీదికి వెళ్లింది. నొక్కితే అతను ప్రశాంతంగా లేచి వచ్చేస్తాడు. నొక్కబోయి, ఆగిపోయింది.

గవర్రాజు గ్లాసు ఎత్తాడు. పెదవుల దాకా తెచ్చి దించాడు. మళ్లీ ఎత్తాడు. చెయ్యి వణికి మద్యం బల్లమీద ఒలికింది. గ్లాసు పెట్టేసి, రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. చివరికి వెయిటర్ని పిలిచి ఏదో అన్నాడు. వెయిటర్ గ్లాసు తీసుకుపోయాడు.

బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాడు. కూతుర్ని చూడగానే కంగారుపడ్డాడు.

"తాగలేదమ్మా. ఒట్టు."

"చూశాను, నాన్నా."

"అబద్ధం చెప్పి వచ్చాను నీకు."

"అదీ తెలుసు." ఆమె పక్కన కూర్చుంది. "ఇన్నేళ్లూ డాక్టర్లు నిన్ను బాగుచేశారనుకున్నాను. వాళ్లకే దణ్ణం పెట్టుకున్నాను. నాకోసం నీ అంతట నువ్వే మానగలవని నాకెప్పుడూ తట్టనేలేదు."

గవర్రాజు ఆమె ముఖంలోకి చూశాడు. 'నువ్వు' అన్న మాట అతనికి వినబడింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పద, మేడమ్‌గారు ఎదురుచూస్తుంటారు" అంది లోవకుమారి.

ఆ సాయంత్రం తీసిన సన్నివేశంలో రెండో టేకు అవసరం రాలేదు. "కట్" చెప్పడం మరిచిపోయి మేరీ రత్నం అలాగే నిలబడిపోయింది. తర్వాత గవర్రాజు తనే డాక్టరును అడిగి శమనిని తిరిగి మేల్కొల్పించుకున్నాడు. "ఈ పోరాటం రోజూ చెయ్యలేనండీ. దీన్ని కనిపెట్టినవాళ్లు చల్లగా ఉండాలి" అన్నాడు.

సినిమాను ఊళ్లోనే ఒక చిన్న హాల్లో వేశారు. అయిపోయి మేరీ రత్నం, గవర్రాజు వేదికెక్కినా ఎవరూ లేవలేదు. కాసేపటికి నడివయసు స్త్రీ ఒకామె నిలబడింది. పక్కన భర్త తలవంచుకుని ఉన్నాడు.

"ఈయన పేకాట మాని చాలా కాలమైందండీ" అందామె. "నేను నమ్మింది మాత్రం ఆ యంత్రాన్నే. ఈయన్ని నమ్మే వీలు నాకెప్పుడూ రాలేదు. ఒక్కరోజు దాన్ని ఆపిస్తారా? పక్కనే నేను కూర్చుంటాను."

హాల్లో అక్కడక్కడా మరికొందరు లేచి నిలబడ్డారు. శమనిని తయారుచేసినవాళ్లు అది చెడిపోతే ఏం చెయ్యాలో ఆలోచించారు, ఎవరైనా దొంగతనంగా తీయించుకుంటే ఏం చెయ్యాలో ఆలోచించారు. బాగుపడినవాళ్ల ఇంటివాళ్లే వచ్చి ఇలా అడుగుతారని మాత్రం వాళ్ల ఊహకు అందలేదు.

ఆవిడ భర్త తలెత్తాడు. "నావల్ల కాకపోతేనో?" అన్నాడు మెల్లగా.

గవర్రాజు వేదిక దిగి వెళ్లి అతని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ముందు నోరెండిపోతుందండీ. తర్వాత అబద్ధాలాడాలనిపిస్తుంది. భయపడకండి, నేనొచ్చి కూర్చుంటాను."

"ఇద్దరం వస్తాం" అంది వెనకనుంచి లోవకుమారి.