మూడు ఊళ్ళ ముద్ద

కుందనపురిలో ఆ ఉదయం ఒక్క పొయ్యి కూడా రాజుకోలేదు. కోట వంటశాలలో పన్నెండుమంది వంటవాళ్ళు చెకుముకి రాళ్ళు కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కించుకున్నారు. నిప్పురవ్వ లేచేది, ఎండు పిడక మీద పడేది, అంతలోనే ఆరిపోయేది. మధ్యాహ్నానికి ఊరంతా నానబెట్టిన పెసలూ అటుకులూ నములుతూ కూర్చుంది. మణికేతు మహారాజు కూడా అటుకులే నమిలాడు. రాజుగారు కదా అని అవేమీ మెత్తబడలేదు.

దీనికంతటికీ మూలం ముందురోజు నరసమ్మ పూటకూళ్ళ ఇంట్లో జరిగింది. పూటకూళ్ళ ఇల్లంటే దారిన పోయే బాటసారులకు వండి వడ్డించే ఇల్లు. ఆ రాజ్యంలో వంట చేసేవాళ్ళు వడ్డనకు ముందు రుచి చూడరు. చూస్తే అది ఎంగిలి. ఉప్పు చాలిందో లేదో, పులుసు మరిగిందో లేదో వాసన పట్టి తెలుసుకోవలసిందే. వాసన పట్టడంలో నరసమ్మను మించినవాళ్ళు లేరని పేరు. అలాంటి నరసమ్మ ఆ రోజు పులుసుచుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకుంది. పంక్తి చివర కూర్చున్న జటిల మహర్షి అది చూశాడు.

ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నరసమ్మ నోరు తెరిచేలోగా కమండలంలో నీళ్ళు తీసి చల్లేశాడు. ఎంగిలి వడ్డించబోయిన ఆ చెయ్యి రాయైపోవాలన్నాడు, ఈ ఊళ్ళో పొయ్యి వెలగకూడదన్నాడు. విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. నరసమ్మ కుడిచేతి వేళ్ళు అక్కడికక్కడే నల్లరాయి అయ్యాయి. అసలే రెండురోజులుగా జ్వరంతో ఉన్న మనిషి, ఉన్నచోటే స్పృహ తప్పి పడిపోయింది.

ఆమెకు ఒక్కతే కూతురు. పేరు నూకాలు. పద్నాలుగేళ్ళ ఆ పిల్ల మహర్షి వెనకాలే పరుగెత్తి కాళ్ళు పట్టుకుంది. కోపం దిగేదాకా ఆ కాళ్ళు వదల్లేదు. చివరికి ఆయన మూడు మోదుగాకులు ఇచ్చాడు. వెదుళ్ళపాలెం, ఎర్రమెట్ట, ఉప్పుటేరు అనే మూడు ఊళ్ళు తిరగాలి. ప్రతి ఊళ్ళోనూ ఆ నేలలో పండినదాన్ని ఆ ఊరివాళ్ళు వండితే, ఒక్కో ముద్ద ఈ ఆకుల్లో చుట్టి తేవాలి. ఎన్నాళ్ళయినా పాడవదు. మూడూ కలిపి తల్లి నోట్లో పెడితే శాపం పోతుంది.

"కానీ ఆమె నోట్లో పడేదాకా వాటిని ఎవరూ రుచి చూడకూడదు. చూశావో, నీ చెయ్యీ రాయే. శాపమూ పోదు," అన్నాడు.

ఇల్లు చేరేసరికి నూకాలుకు ఇంకొక వింత కనబడింది. అమ్మ వడ్డించే ఇత్తడి గరిటె కాడ కూడా చివరినుంచి రాయి అవుతోంది. కాడ పొడవు పద్దెనిమిది వేళ్ళు. పూట గడిచేసరికి ఒక వేలు మేర రాయి పాకింది, రోజుకు రెండు వేళ్ళన్నమాట; అమ్మ చేతి మీదా దానితోపాటే పైకి పాకుతోంది. అది గరిటె గిన్నె దాకా వస్తే అమ్మ గుండె దాకా వచ్చినట్టే. అంటే తొమ్మిది రోజులు. నూకాలు అమ్మను పక్కింటివాళ్ళకు అప్పగించి, గరిటె నడుముకు చెక్కుకుని బయల్దేరింది. ఆ పిల్లకు భయం ఎంత ఉందో, కోపమూ అంత ఉంది. ఇన్నేళ్ళు వండిన అమ్మ, ఎంగిలి చెయ్యకూడదని తనకే నేర్పిన అమ్మ, ఎందుకలా చేసినట్టు?

రెండోరోజుకు అడవి దాటి కొండకింద వెదుళ్ళపాలెం చేరింది. అక్కడి పూటకూళ్ళ ఇంటి ముందు జనం బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నారు. లోపల పంక్తిలో ఒక ఎలుగుబంటి బాసింపట్టు వేసుక్కూర్చుని తింటోంది. నాలుగు రోజులుగా లేవలేదట. సామల అన్నం, వెదురు కొమ్ముల కూర వండింది వండినట్టు దానికే పోతోందట. వడ్డన ఆగితే గుర్రుమంటుందట.

నూకాలు గరిటె చూసుకుంది. నాలుగు వేళ్ళ మేర రాయి. ఇక్కడ కూర్చుని ఎదురుచూడడానికి వేళ లేదు. వంటాయన్ను పక్కకు పిలిచి, ఏమేం వడ్డించారని అడిగింది. కూర మీద కూర, అన్నం మీద అన్నం అన్నాడాయన. మరి మజ్జిగో అని అడిగితే తెల్లమొహం వేశాడు. భయంతో ఆ సంగతే ఎవరికీ తోచలేదు. నూకాలు మజ్జిగ ముంత పట్టుకుని వెళ్ళి, వంగి, ఎలుగుబంటి విస్తట్లో ధారగా పోసింది.

ఎలుగుబంటి మజ్జిగన్నం జుర్రుకుని, విస్తరి మడిచి, తృప్తిగా నిట్టూర్చింది.

"ఇన్నాళ్ళకు పోశావమ్మా. మజ్జిగ పొయ్యకుండా పంక్తిలోంచి ఎట్లా లేస్తాను? నాకూ మర్యాద తెలుసు," అని చెయ్యి కడుక్కుని అడవిలోకి వెళ్ళిపోయింది. పొట్ట నేలకు రాసుకుంటోంది, పాపం. వంటాయన ఆనందంతో వెదురు కొమ్ముల కూర, సామల అన్నం కలిపి మొదటి ఆకులో ముద్ద పెట్టాడు.

అక్కడినుంచి నేల ఎర్రబడింది, చెట్లు పలచబడ్డాయి. నాలుగోరోజున ఎర్రమెట్టలో ఓబులమ్మ అనే ముసలామె పూటకూళ్ళ ఇంట్లో రాగిసంగటి కెలుకుతోంది. నూకాలు కథ విని కళ్ళొత్తుకుంది. వేడివేడి సంగటి ముద్దలో గుంట చేసి, వేరుసెనగలు వేయించి నూరిన ఊరిబిండి పెట్టి రెండో ఆకులో చుట్టింది. తరవాత ఇంకో ముద్ద విస్తట్లో వేసింది.

"నువ్వూ తినాల. ఆకలితో పోయేదానివి దోవలో పడిపోతే మీయమ్మకి ఏం తీసుకపోతావు? కూసో," అంది.

నూకాలు గుటుకు గుటుకున మింగి లేచింది. సంగటి ఎంత బాగుందో తరవాత ఎప్పుడో గుర్తొచ్చింది గానీ ఆ పూట తెలియలేదు. కళ్ళన్నీ గరిటె మీదే ఉన్నాయి.

ఎర్రమెట్ట దాటి ఉప్పుటేరుకు పోవాలంటే ఒకటే కనుమ. ఆ కనుమకు అడ్డంగా ఒక రాక్షసుడు పడుకుని ఉన్నాడు. పేరు గండకుడు. పిల్లను చూసి కూడా లేవలేదు. తినడం మీద అతనికి విరక్తి పుట్టిందట. వాసన తెలియక నూరేళ్ళయిందట. ఏనుగును తిన్నా మట్టి నమిలినట్టే ఉంటోందట.

"నిన్ను తిని మాత్రం ఏం లాభం? వంటింటి పిల్లవి, ముక్కు చురుగ్గా ఉంటుంది. నీ వాసన పట్టే శక్తి నాకిచ్చి పో. లేకపోతే ఇక్కడే కూర్చో, నాకు తోడుంటుంది," అన్నాడు.

నూకాలు ఇంకేదైనా అడగమంది. వాడికి ఇంకేమీ అక్కర్లేదు. వంటచేసేవాళ్ళకు ముక్కు లేకపోతే రేపటినుంచి ఏం వండుతుంది, ఎట్లా బతుకుతుంది? గరిటె మీద రాయి సగం దాటుతోంది. నూకాలు ఆకుపొట్లం మొహం దగ్గరకు తెచ్చుకుని, సంగటి వాసన, వేయించిన వేరుసెనగల వాసన గుండెనిండా ఒక్కసారి పీల్చుకుంది. తరవాత సరేనంది. గండకుడు ఆమె ముక్కు మీద వేలు ఆనించాడు, అంతే. మరుక్షణం వాడు లేచి కూర్చుని, ఎక్కడో వాన పడుతోందని, ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారని ఏడవడం మొదలుపెట్టాడు. నూకాలు కూడా ఏడుస్తూనే కనుమ దాటింది.

ఆరోరోజు ఉప్పుటేరు. అక్కడ రాక్షసుడూ లేడు, మృగమూ లేదు. పూటకూళ్ళ ఇంటి చిట్టెమ్మ నవ్వుమొహం మనిషి. అప్పుడే పనసపొట్టు కూర వండి ఆవ పెట్టానని, ఇంకా ఎవరికీ వడ్డించలేదని, మొదటి ముద్ద నీకేనని చెప్పి మూడో ఆకు అందుకుంది. అప్పుడు చూసింది నూకాలు. కూరగిన్నె మీద మూత లేదు. మూత కింద నేలమీద ఉంది. గిన్నెకు సరిగ్గా పైన తాటాకు కప్పులో ఒక బల్లి కదులుతోంది.

మీకు తెలుసుగా, బల్లి పడిన కూర విషమని పెద్దవాళ్ళు ఎంత భయపడతారో. నూకాలు అలవాటు కొద్దీ గిన్నె మీదకు వంగింది. ఏ వాసనా తెలియలేదు.

"దూడ అరిస్తే కట్టెయ్యడానికి వెళ్ళానమ్మా, అంతే. బల్లి పడితే నాకు తెలియదేంటి?" అని చిట్టెమ్మ తేలిగ్గా అనేసింది. మళ్ళీ వండమంటే పనసకాయ తెప్పించాలి, కొట్టాలి, మర్నాటికి గానీ కాదు. అడ్డదారిన నేరుగా పోయినా ఇంటికి మూడురోజుల దారి, గరిటెకు మూడురోజుల గడువు. నూకాలు పొట్లం పుచ్చుకుని బయల్దేరింది.

తిరుగుదారిలో పొట్లం బరువెంతో లేదు, అనుమానమే మొయ్యలేకపోయింది. పడి ఉండదులే అనుకుని పది అడుగులు వేసేది. పడి ఉంటే? అని ఆగిపోయేది. శాపం పోగొట్టడానికి పెట్టిన ముద్దే అమ్మ ప్రాణం తీస్తే? ఏడోరోజూ ఎనిమిదోరోజూ అలాగే నడిచింది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం కుందనపురి చేరింది. వాకిట్లో మహారాజు, ఊరివాళ్ళు, జటిల మహర్షి ఉన్నారు. జ్వరం తగ్గిన నరసమ్మ గోడకు జారగిలబడి ఉంది. భుజం దాకా నల్లరాయి. గరిటె కాడ మీద ఇత్తడి ఒక్క వేలు మేరే మిగిలింది.

నూకాలు మూడు పొట్లాలూ విప్పి, కలిపి, ముద్ద చేసింది. అమ్మ నోటిదాకా తీసుకెళ్ళింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. అందరూ పెట్టమంటున్నారు. అమ్మ నోరు తెరిచి చూస్తోంది. నూకాలు ముద్దను వెనక్కి తీసుకుంది. ముద్దలోంచి చిటికెడు తుంచి అరచేతిలో వేసుకుని, నాలుకకు రాసుకుని మింగేసింది.

జనం హాహాకారాలు చేశారు. నూకాలు వేళ్ళ చివర్లు చల్లబడి నల్లబడ్డాయి. ఆమె మాత్రం కదలకుండా కూర్చుంది. విషమైతే తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. అది తెలియాలంటే కాసేపు ఆగాలి. రుచి చూడగానే రాయి జోరు హెచ్చింది, గరిటె మీద ఇత్తడి అరవేలైంది, పావువేలైంది. అమ్మ ఊపిరి బరువెక్కింది. నూకాలు తనలో తాను అంకెలు లెక్కపెడుతూ, ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది. తల తిరగలేదు. కడుపులో తిప్పలేదు.

"బాగుందమ్మా. ఏమీ లేదు. తిను," అని, బిగుసుకుపోతున్న వేళ్ళతోనే అమ్మ నోట్లో పట్టినంత ముద్ద పెట్టింది.

రాయి కరగలేదు. మాట తప్పాక ఎట్లా కరుగుతుంది? మహర్షి కళ్ళెర్రజేసి, తల్లిబుద్ధే కూతురికీ వచ్చిందన్నాడు, మీ ఇంట్లో ఎంగిలి చెయ్యడమే వంటా అన్నాడు. నూకాలు మూత లేని గిన్నె సంగతి, బల్లి సంగతి, పోయిన ముక్కు సంగతి చెప్పింది. వింటున్న నరసమ్మ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"ఆ రోజు జ్వరానికి నా ముక్కూ పనిచెయ్యలేదే," అంది కూతురితో. "పులుసు మీద మూత తొలిగి ఉంది. చూర్లో బల్లి అరిచింది. పదకొండు మంది ఆకుల ముందు కూర్చున్నారు. విషమైతే ముందు నాకే కానీ అనుకున్నాను."

తొమ్మిది రోజులుగా మోస్తున్న కోపం నూకాలుకు ఆ క్షణాన పోయింది. అమ్మ రాతిచేతిని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

జటిల మహర్షి మొహంలో రంగులు మారాయి. ఆ పదకొండు మందిలో తానొకడు. ఎందుకు రుచి చూశావని ఒక్కమాట అడగకుండా నీళ్ళు చల్లాడు. ఆయన మెల్లగా వచ్చి, ఆ రోజు లేచిపోయిన చోటే నేలమీద కూర్చున్నాడు.

"ఆ మిగిలింది నాకు పెట్టు తల్లీ," అని చెయ్యి చాపాడు.

"ఎంగిలి స్వామీ," అంది నూకాలు.

"ఆ రోజు మీ అమ్మ చేసిందీ నాకోసం ఎంగిలే కదా," అని మహర్షి ఆ ముద్ద అందుకుని కళ్ళకద్దుకుని తిన్నాడు.

ముద్ద ఆయన గొంతు దిగుతుండగానే గరిటె కాడ మీది రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. నరసమ్మ భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు ఒకటొకటిగా మళ్ళీ వెచ్చబడ్డాయి. నూకాలు వేళ్ళు కూడా ఆడాయి. వీధివీధినా పొయ్యిలు భగ్గుమన్నాయి. మహారాజు ఆనందం పట్టలేక, రాజ్యంలోని దారులన్నిటి మీదా ఉన్న పూటకూళ్ళ ఇళ్ళకు నూకాలును అధికారిణిని చేశాడు. ఆ పిల్ల వేసిన మొదటి ఉత్తరువు, ప్రతి గిన్నె మీదా మూత ఉండాలని. రెండోది, వడ్డనకు ముందు వండినవాళ్ళే అందరి ఎదుటా ఒక చుక్క రుచి చూడాలని.

నూకాలు ముక్కు మాత్రం తిరిగి రాలేదు. మహర్షి వరమిస్తానంటే, ఇచ్చినది వెనక్కి తీసుకోనంది. కానీ నెల తిరక్కుండా గండకుడు పోపు వాసన పట్టుకుని కుందనపురి దాకా నడిచొచ్చాడు. వంటింటి గుమ్మం బయట కూర్చుని తిననారంభించాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆవాలు చిటపటలాడగానే, మాడుతోందమ్మాయ్ అని లోపలికి కేకేస్తాడు. నూకాలు గరిటె దించుతుంది. నరసమ్మ ఒక చుక్క పులుసు తన అరచేతిలో వేసుకుంటుంది, ఇంకో చుక్క కూతురి అరచేతిలో వేస్తుంది. ఇద్దరూ నాలుకకు రాసుకుంటారు. ఆ తరవాతే పంక్తిలో వడ్డన మొదలవుతుంది.