ఆరూ పదికి సున్నా గ్రాములు

"ఇవాళ కూడా వచ్చాడు సార్," అన్నాడు బేకరీ ఓనర్.

కాటా పక్కనున్న స్క్రీన్ మీద ఒకే వరుస. పెద్ద మాస్టర్. ఉదయం 6.10. ఉప్పు 0 గ్రాములు.

ఈ బేకరీ హెడ్ బేకర్ పెద్ద మాస్టర్ పోయి పంతొమ్మిది రోజులైంది.

"రోజూ అదే టైముకి వస్తాడు. ఏమీ తూచకుండా పోతాడు. పనివాళ్లు ఇద్దరు మానేశారు."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. 8.05. దయ్యాలను పట్టుకోవడానికి ఆయన రాలేదు. ఫైలు మూసేసి పోదామని వచ్చాడు.

కేసు చిన్నదే. ఒక టీచరమ్మ ఈ బేకరీ కేకు ఒక ముక్క తిన్నది, 11.20కి. 11.55కి ప్రాణం పోయింది. ఆమెకు బాదం పడదు. ముందురోజు అచ్చయిన లేబుల్ మీద బాదం మాట లేదు. లోపల మాత్రం ఉంది.

ఎవరు వేశారో వెతికే పని కూడా లేకపోయింది. ఈ వంటశాలలో ప్రతి రెసిపీకి ఒక చరిత్ర ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏది, ఎన్ని గ్రాములు మార్చారో సాఫ్ట్‌వేర్ దాచిపెడుతుంది. ఆమె పోయిన రోజుది వెర్షన్ 212: మైదా తగ్గింపు, బాదం పొడి చేర్పు. పెద్ద మాస్టర్. ఉదయం 6.10.

ముసలాయన ఆ వరుసను రెండుసార్లు చదువుకుని, "నేనే అయ్యుంటాను," అన్నాడట. ఏడాదిగా ఆయనకు మతిమరుపు. ఆరో రోజు నిద్రలోనే గుండె ఆగింది.

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"పాస్‌వర్డ్ లేదు సార్. పిండి చేతుల్తో ఏం కొడతారు? ఎవరి గిన్నె వాళ్లది. అడుగున చిప్ ఉంటుంది. గిన్నె కాటా మీద పెడితే పేరొస్తుంది."

గోడకు కొక్కేలు. మొదటిదానికి సొట్టపడ్డ స్టీలు గిన్నె వేలాడుతోంది.

"మీ గిన్నె ఏది?"

"నాకెందుకు సార్? నేను పిండి ముట్టను."

ఇన్‌స్పెక్టర్ ఆ సొట్ట గిన్నె తీసి చూశాడు. లోపల దుమ్ము లేదు. ఎవరో తుడుస్తున్నారు.

మాస్టర్ కూతురు కూడా అక్కడే బేకర్. బల్ల దగ్గర పిండి పిసుకుతోంది. ఆమెను పక్కకు పిలిచాడు.

"పొద్దున ఎన్నింటికి వస్తావమ్మా?"

"ఆరింటికి."

"ఆరూ పదికి ఏం చేస్తావు?"

ఆమె చేతులు ఆగాయి. తల వంచుకునే చెప్పింది.

"గిన్నె పెడతాను సార్. నాన్న పేరు వెలుగుతుంది. ఆ టైముకే కదా ఆయన తప్పు చేశారన్నారు. ఆ టైముకే రోజూ అడుగుతాను, నిజంగా నువ్వేనా అని." కళ్లు తుడుచుకుంది. చెంపకు పిండి అంటింది. "చివరి వారమంతా నాన్న అన్నం కలుపుకోలేదు సార్. చేతులు చూసుకుంటూ కూర్చునేవారు."

ఇన్‌స్పెక్టర్‌కి దయ్యమైతేనే నయమనిపించింది.

"ఆ రోజు నువ్వు ఉన్నావా?"

"లేను. సెలవు. నాన్న, పొయ్యి బాబాయ్, ఓనర్ గారు, ముగ్గురే."

"మీ నాన్న ఎలా తూచేవారో ఒకసారి చూపించు."

ఆమె గిన్నె పెట్టింది. ఉప్పు పోసింది. అంకె 40 దగ్గర ఆగింది. మరుక్షణం రెండు వేళ్లతో చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. అంకె 38కి దిగింది.

"అదేంటి?"

"ఏది సార్?" ఆమెకు తెలియనే తెలియదు. తరువాత గుర్తొచ్చింది. "ఓ, ఇదా. నాన్న చిన్నప్పుడు ఒకసారి పంచదార అనుకుని ఉప్పు పోశారట. అప్పట్నుంచి కళ్లను నమ్మొద్దు, నాలుకనడుగు అంటారు. మాకందరికీ అలాగే నేర్పారు."

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ ముందు కూలబడ్డాడు. ఐదు గ్రాముల లోపు తేడాను సాఫ్ట్‌వేర్ మార్పుగా లెక్కపెట్టదు. చూపించదు, కానీ దాస్తుంది. ఆ దాచిన వరుసలు తెరిపించాడు. పదకొండేళ్ల ఉదయాలు, మాస్టర్ ఉప్పు తూకాలు. 38. 37. 38. 38.

వెర్షన్ 212 రోజున 40.

9.30కి ఓనర్‌నీ, పొయ్యి బాబాయ్‌నీ, కూతుర్నీ కాటా దగ్గరికి పిలిచాడు.

"తలా నలభై గ్రాముల ఉప్పు తూచండి. అంతే."

పొయ్యి దగ్గర పనిచేసే బాబాయ్ గొణుక్కుంటూనే తూచాడు. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. 37. కూతురు తూచింది. 38.

ఓనర్ వంతు. స్క్రీన్ మీదే చూపు నిలిపి, కొంచెం కొంచెంగా పోశాడు. 40. చేతులు దులుపుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ 40 వైపు వేలు చూపించాడు.

"ఇక్కడ పిండి ముట్టినవాళ్లంతా మాస్టర్ శిష్యులే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆయన దగ్గర నేర్చుకోనిది మీరొక్కరే. గిన్నె లేనిదీ మీకే. ఆ రోజు ఎవరి గిన్నె తీశారు?"

ఓనర్ స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మైదా చాల్లేదు సార్, బదులు బాదం పొడి వేశాను. ఆర్డరు పోతుందని భయం. మాస్టర్ కోల్డ్ రూంలో ఉన్నాడు. మొదటి కొక్కేనికి ఏ గిన్నె ఉంటే అది తీసి, ఉప్పుతో సహా అన్నీ నేనే తూచాను. ఎవరి పేరు పడుతుందో చూడలేదు, ఒట్టు. ఆయన వచ్చేసరికి మిక్సర్ తిరుగుతోంది. తనే వేశాననుకున్నాడు."

"తరువాత తెలిసింది కదా?"

"తెలిసింది. చెప్దామనుకున్నాను. ఈలోగా ఆయనే ఒప్పుకున్నాడు."

"ఆరు రోజులు బతికాడయ్యా," అన్నాడు పొయ్యి బాబాయ్. "ఆరు రోజులు."

కానిస్టేబుల్ ఓనర్‌ని జీపు ఎక్కించాడు.

"ఆ వరుస చెరిపెయ్యొచ్చా సార్?" అని అడిగింది కూతురు.

"చెరగదమ్మా. ఎవరు తూచారో దాని కింద నోటు రాయిస్తాను."

ఆమె తలూపింది. చెప్పవలసిన ఒక్క మనిషికి మాత్రం ఆ నోటు అందదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సొట్ట గిన్నెను కొంగుతో తుడిచి కాటా మీద పెట్టింది. పెద్ద మాస్టర్ అని వెలిగింది. ఉప్పు పోసింది. నలభై. చిటికెడు తీసుకుంది. ముప్పై ఎనిమిది.

"నాన్నా," అంది స్క్రీన్ వైపు చూస్తూ, "నువ్వు కాదు."