ఎనిమిది అడుగులకు గోడ

మా ల్యాబ్‌లో ఎటు నడిచినా ఎనిమిది అడుగులకు గోడ వస్తుంది. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం అంతులేని తిన్నని బాట కనిపిస్తుంది. వాళ్లు గోడకు గుద్దుకోకుండా చెవుల వెనక రెండు బిళ్లలు అంటించి, సన్నగా కరెంటు పంపుతాం. ఒంటి బ్యాలెన్స్ కాస్త ఒక పక్కకు ఒరుగుతుంది. మనిషి గదిలోనే గుండ్రంగా తిరుగుతూ, తిన్నగా నడుస్తున్నాననుకుంటాడు.

ఆ రోజు పరీక్షకు ఎవరూ దొరక్క బాబాయిని బతిమాలి తీసుకొచ్చాను. రిటైరైన పోస్ట్‌మాన్.

“నలభై ఏళ్లు నడిచినవాడికి నడక నేర్పుతావట్రా?” అని నవ్వాడు.

కాసేపటికి ఆ నవ్వు ఆగింది. “ఒరేయ్, కళ్లు తిరుగుతున్నాయి. ఆపరా.”

“అయిపోయింది బాబాయ్, ఒక్క నిమిషం.”

ఆపలేదు. మర్నాడు పై అధికారులకు మంచి ఫలితం చూపించాలి. కరెంటు ఇంకాస్త పెంచాను.

బాబాయి తూలి పడ్డాడు. బల్ల అంచుకు తల తగిలింది. మూడో రోజు పోయాడు.

కాలు జారిందని పిన్నికి చెప్పాను. “నువ్వేం చేస్తావురా” అంటూ నా తల నిమిరింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

నెల తర్వాత, ఒక మధ్యాహ్నం, యంత్రం సరిచూద్దామని హెడ్‌సెట్ నేనే పెట్టుకున్నాను. బిళ్లలు అంటించుకోలేదు. తీగలు ముందే పీకేశాను. లోపల ఏదో వాసన... చెమటకు తడిసిన ఖాకీ బట్ట వాసన.

అడుగు వేశాను. చెవుల వెనక చిమచిమ.

ఆరు... ఏడు... ఎనిమిది. గోడ రాలేదు.

ముప్పై. అరవై. ఆగుదామంటే కాళ్లు మాట వినడం లేదు.

పక్కనే ఇంకో నడక. అరిగిన చెప్పుల చప్పుడు. నేను వేగం పెంచితే అదీ పెంచింది.

“బాబాయ్...?”

మెడ మీద ఊపిరి తగిలింది.

“నేనే పెంచాను బాబాయ్... ఆపమన్నా ఆపలేదు...”

కాళ్లు ఆగాయి. హెడ్‌సెట్ లాగేశాను.

ల్యాబ్‌లో లేను. మెట్లు దిగిన గుర్తు లేదు. నాలుగు వీధుల అవతల, మండుటెండలో, పిన్ని గుమ్మం ముందు నిలబడి ఉన్నాను.

తట్టకముందే తలుపు తెరుచుకుంది.

“పిన్నీ...”

ఆవిడ నన్ను చూడలేదు. నా భుజం పక్కనున్న ఖాళీలోకి చూస్తూ, మెల్లగా అడిగింది.

“ఇవాళైనా చెప్తాడాండీ?”