తోబుట్టువులు లేరని రాసిన కెప్టెన్

చీకటి పడ్డాక ఆ వీధి చివరి మేడ ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదట. నేవీలో పనిచేసి పోయిన ఓ కెప్టెన్ గారిది ఆ ఇల్లు. తర్వాత భార్యా పోయింది. పిల్లల్లేరు. కొందామని చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి మేడమీద బూట్ల చప్పుడు వినిపించేది... ఆ తర్వాత చెవి పక్కనే ఓ గుసగుస—

"దిగిపో."

మెట్లు లెక్కచెయ్యకుండా దిగిపోయేవాళ్ళు.

మా పిన్ని మాత్రం ఇవేవీ చెవికెక్కించుకోలేదు. ప్లీడరు గారి ఆఫీసులో ఆవిడ పని, పాత దస్తావేజులు తవ్వి వారసుల్ని పట్టుకోవడం. దెయ్యాలు సంతకం పెట్టవు కాబట్టి ఆవిడ దృష్టిలో అవి లేనట్టే.

కెప్టెన్ గారి వీలునామా కోర్టు రికార్డుల్లో దొరికింది. ఆస్తంతా భార్యకి. కింద తనే నొక్కి మరీ రాశాడు— 'నాకు తోబుట్టువులు ఎవరూ లేరు.' భార్య వైపూ ఎవరూ లేరు. అంటే ఇల్లు ఇక సర్కారుదే.

పిన్నికి ఆ నొక్కడం నచ్చలేదు. ఆయన తండ్రి చేసిన ఆస్తి పంపకం కాగితం వెతికి తీయించింది. అందులో కొడుకు వాటాకి పైన కూతురి వాటా ఉంది!

ఆ పేరు పట్టుకుని వీధులు తిరిగితే కెప్టెన్ గారి అక్క బతికే ఉంది. ఓ అద్దె గది గుమ్మంలో మూట మీద కూర్చుని. ఇంటాయన ఆ పూటే ఖాళీ చెయ్యమన్నాడట.

"తమ్ముడికి నేనంటే ప్రాణం," అందావిడ. "చెవి మెలేస్తే గానీ అన్నం తినేవాడు కాదు."

మర్నాడే కోర్టులో వాయిదా. ఇంటి కొలతలు దస్తావేజుతో సరిపోతాయో లేదో చూసిరమ్మన్నారు ప్లీడరు గారు. పిన్ని ఆఫీసు పని ముగించుకుని వెళ్ళేసరికి బాగా చీకటి పడిపోయింది.

తలుపు తోసింది. బూజు... ముక్కిపోయిన వాసన... పైన ఎక్కడో టక్, టక్. ఎలకలనుకుని మేడమీదికి ఎక్కింది.

టార్చి చంకలో పెట్టుకుని, టేపు కొస గోడకి ఆనించి, ఆఫీసులో బంట్రోతుకి చెప్పే అలవాటు కొద్దీ అంది— "కాస్త పట్టుకో."

పట్టుకున్నారు.

టేపు బిగుతుగా నిలిచింది. పిన్ని ఎదుటి గోడ దాకా వెళ్ళి కొలత రాసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది... తను ఒక్కర్తే వచ్చానని.

టార్చి తిప్పింది. తెల్ల యూనిఫారం. మెరిసే గుండీలు. పైన టోపీ. కాలరుకీ టోపీకీ మధ్య... ఏమీ లేదు.

"దిగిపో."

పిన్ని గోడకి అతుక్కుపోయింది. టేపు మాత్రం వదల్లేదు, ఆఫీసుది కదా. నోట్లోంచి రోజూ అడిగే మాటే వచ్చింది.

"తమరు... ఈ ఆస్తికి ఏమవుతారు?"

"సొంతదారుని."

"పోయారు కదండీ."

"పోయాను." టోపీ కాస్త ముందుకి వంగింది. "వారసుల కోసమా? ఎవరూ దొరకలేదుగా?"

"దొరికారండీ. మీ అక్కగారు."

టేపు జారి కింద పడింది.

"ఆవిడ... ఇంకా పోలేదా?"

"లేదండీ. ఉత్తర్వు రాగానే ఇక్కడికే వచ్చేస్తారు."

"ఆవిడ చేతికి దొరక్కూడదనే సముద్రం ఎక్కాను," అంది టోపీ, దాదాపు ఏడుపుగొంతుతో.

పిన్నికి భయం పోయి ఒళ్ళు మండింది. "ఆవిడ మూట వీధిలో ఉందండీ. ఉన్న మనిషిని లేదని ఎలా రాశారు?"

టోపీ మెల్లగా వెనక గది వైపు తిరిగింది...

"వెనక గదికి గాలి బాగా వస్తుంది," అంది గొంతు. "అది ఇవ్వండి. నేను చెప్పానని మాత్రం అనొద్దు."

తర్వాత బూట్లు గబగబా మెట్లు దిగి, గేటు దాటి పోయాయి.

పెద్దావిడకి ఇల్లొచ్చింది. వెనక గదిలోనే పడుకుంటోంది. ఇప్పుడక్కడ చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

పిన్ని ఇదంతా తన ఇంట్లో కూర్చుని మాకు చెప్పింది. అమ్మ నవ్వి అడిగింది, "మరి ఆయన ఎక్కడికి పోయాడే?"

పిన్ని అటక వైపు చూసింది.

పైనుంచి, ఊపిరంత సన్నగా—

"మెల్లగా మాట్లాడండమ్మా... అక్కకి వినబడుతుంది."