మేనత్తకు గడి లేదు

వరహాలు సూదిపళ్ళేన్ని ఆవిరిలో కడిగి, రక్తసంబంధం తేల్చే పోలికపెట్టెలోకి తోసి, తర్వాతి వాళ్ళను పిలిచాడు. పొద్దుటి నుంచి అన్నీ సులువైన పోలికలే. తండ్రి వేలు, బిడ్డ మడమ, పచ్చదీపం, బిడ్డ పేరున నీటివంతు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చాక మంచినీళ్ళు తల్లి వైపు నుంచి సగం, తండ్రి వైపు నుంచి సగం దక్కుతున్నాయి.

సన్యాసమ్మ చంకలో ఆడబిడ్డతో ఒక్కతే వచ్చింది. కడుపుతో ఉండగానే మొగుడితో విడిపోయిన మనిషి. ఆ మొగుడు దాలినాయుడు గోడమీది తెరలో కనిపిస్తున్నాడు, పడవ దిగకుండానే.

"ఆ గుంట నాది కాదు. నా రత్తం ఇవ్వను," అన్నాడు.

ఒల్లనన్నవాడి రక్తం తీయకూడదన్నది తీరంలోని పెట్టెలన్నిటినీ నడిపే కేంద్రమేధ చట్టం. వరహాలు చెయ్యి 'తండ్రి తెలియదు' అన్న మీట మీదికి వెళ్ళింది. అది నొక్కితే బిడ్డకు బతుకంతా సగం నీళ్ళే.

"బిడ్డ పేరేటమ్మా?"

"ఎట్టనేదు బావూ. మా ఇళ్ళల్ల పేరు మేనత్తే ఎట్టాల. ఆయమ్మ ఇంకా రానేదు."

"విడిపోయాక ఇంకా మేనత్తేటి?"

"నాను మొగుణ్ణి ఒగ్గీసినాను. గుంట మేనత్తని ఒగ్గీనేదు గదా!"

"అదీ మాటంటే!"

గుమ్మంలో దాలినాయుడి అక్క పైడితల్లి. మోకాళ్ళదాకా తడిసిన చీర పిండుకుంటూ వచ్చి, పళ్ళెం ముందు వేలు చాపింది.

"ఇదిగో బావూ, నా రత్తం తీయ్."

"అప్పా! నువ్వేటి సేస్తన్నావ్?" తెరలోంచి కేక.

"నోర్ముయ్‌రా. మన అమ్మ కడుపున పుట్టింది మనిద్దరవే. దీన్లో నా రత్తముంటే ఇది ఎవలి బిడ్డో పెట్టే సెప్తాది. అమ్మ ముక్కు దీనికెలాగొచ్చిందిరా, సన్నాసీ, అరువిచ్చినావా?"

వరహాలు నవ్వు బిగబట్టి ఆమె వేలికీ బిడ్డ మడమకూ సూది దించాడు. పెట్టె సన్నగా మూలిగింది. పసుపుదీపం.

'పావువంతు పోలిక. తండ్రి గడికి సగం కావాలి. మేనత్తకు గడి లేదు. రద్దు చేయాలా?'

తెరలో దాలినాయుడు తల పక్కకు తిప్పుకున్నాడు. మేనత్తతో పావువంతు కలిస్తే తండ్రి తనేనని పడవవాడికీ తెలుసు.

"పావువంతేటి బావూ," అంది పైడితల్లి, "మాకిది నిండు బిడ్డ."

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అనుకుంటూనే వరహాలు రద్దు మీటను వదిలేశాడు. ఆ పావువంతును తండ్రి గడిలోకి ఎక్కించి, దానిమీద తన బొటనవేలి ముద్ర వేశాడు.

గదిలో దీపాలన్నీ పసుపయ్యాయి. తీరం పొడుగునా ప్రతి పోలికపెట్టె మీదా ఒకటే ప్రశ్న నిలబడింది.

'మేనత్త: నిర్వచించండి.'

జవాబు చెప్పమని వరహాలు పెట్టె మాటగొట్టాన్ని పైడితల్లి వైపు తిప్పాడు. ఆమె అదేమీ చూడలేదు. బిడ్డను రొమ్ముకు హత్తుకుని, చెవిలో నోరు పెట్టి పిలుస్తోంది.

"గంగరత్నం... మా అమ్మ పేరే నీది. ఓ గంగరత్నం!"

సన్యాసమ్మ తల ఎత్తి తెరవైపు చూసింది. తీరమంతా పెట్టెలు ఆ పిలుపునే జవాబుగా ఎక్కించుకుంటున్నాయి.