నలభై ఒకటో గొడుగు

"ఇదుగో, ఆ చివర నిలబడ్డ మేడమ్! మీరు పక్కకి తప్పుకోండి. ఎక్కువైపోయారు!"

మేడ మీదినుంచి మైకులో ఈ మాట వినపడగానే గొడుగుల ఫ్యాక్టరీ ఆవరణలో నలభై తలలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. నలభై ఒకటో తల మాత్రం పైకి లేచింది.

ఎక్కువైపోయిందట! ఈ ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి గొడుగునీ పదిసార్లు తెరిచి, మూసి, ఊచ ఊచా వేలితో తడిమి బాగుందని ముద్ర వేసేది ఆమె. ఆ నలభై మంది చేతుల్లోని గొడుగులన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. కంపెనీ క్యాలెండర్ కోసం అందరూ గొడుగులు పట్టుకుని నిలబడితే మేడ మీదినుంచి ఫొటో తీస్తారంటే, అందరికంటే ముందొచ్చింది. వచ్చినవాళ్లకల్లా చోటిస్తూ చివరికి జరిగింది. చోటిచ్చిన మనిషే ఎక్కువైపోవడం ఏం న్యాయం, మీరే చెప్పండి!

"ఎందుకు తప్పుకోవాలి?" అని కిందినుంచే అరిచింది.

ఫొటోగ్రాఫర్ పిట్టగోడ మీంచి వంగి చూశాడు. "వరసకి ఎనిమిది మంది, అయిదు వరసలండీ. నలభైకి సరిపోయింది. మీరొక్కరే మిగిలారు."

మిగిలారు. ఆ మాట వింటేనే ఆమెకి ఒళ్లు మండుతుంది. ఇంట్లో నానమ్మ, నాన్న, అమ్మ, అన్నయ్య, తను. భోజనాల బల్లకి కుర్చీలు నాలుగే. అందరూ కూర్చున్నాక మిగిలేది ఎప్పుడూ తనే. 'చిన్నదానివి, సర్దుకో' అంటారు. ఇరవై ఆరేళ్లొచ్చినా చిన్నదే! వంటగది గట్టుకి ఆనుకుని నిలబడి తినడం అలవాటైపోయింది కానీ, ఆ కోపం మాత్రం ఏనాడూ చల్లారలేదు.

"నేను మిగల్లేదు. మీ వరసలకే బుద్ధి లేదు! ముఖాలు కనపడని ఫొటోకి కూడా నేను పనికిరానా?"

"కోప్పడకండి. నలభై ఒకటిని ఎటు పేర్చినా సమానంగా రాదు. నా తప్పు కాదు. ఆ నంబరే అలాంటిది, ఎందుకూ కొరగాదు."

ఆమె డిగ్రీలో చదివింది లెక్కలు. తనని అంటే పళ్లు కొరుక్కుని ఊరుకునేదేమో, నంబర్‌ని అన్నాడు. చీర కొంగు దోపినట్టు చున్నీ బిగించి మెట్ల వైపు నడవబోతుంటే, కుట్టు సెక్షన్‌లో సీనియర్ అయిన పెద్దక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరుకోవే తల్లీ. పైకెళ్లి తోసేస్తావా ఏంటి?"

ఆ సమస్య వాన తీర్చింది. టపటపా మొదలై, చూస్తుండగానే కుమ్మేసింది. కెమెరా తడుస్తుందని ఫొటో ఎల్లుండికి వాయిదా వేశారు.

సాయంత్రం గేటు దగ్గర రేకు కింద అతను కెమెరా సంచీని కడుపుకి హత్తుకుని, తడిసి వణుకుతూ కనపడ్డాడు.

"గొడుగుల ఫ్యాక్టరీకొచ్చి తడిసిపోతున్న మొదటి మనిషి మీరే," అంది.

"ఒకటి ఇప్పించొచ్చుగా?"

"ఇస్తాను. ఊరికే కాదు. ఏ సంఖ్యైనా తీసుకోండి. దాని తర్వాతి సంఖ్యతో గుణించి, నలభై ఒకటి కలపండి. ఒకటి తీసుకుంటే నలభై మూడు, రెండుకి నలభై ఏడు, మూడుకి యాభై మూడు. అన్నీ ప్రధాన సంఖ్యలే, ఒకటితోనూ తమతోనూ తప్ప దేంతోనూ భాగించలేం. ఎక్కడ తప్పుతుందో కనుక్కుని రండి."

"హోంవర్కా?"

"పనిష్మెంట్!" ఒక ఊచ వంగి రిజెక్ట్ అయిన గొడుగు అతని చేతిలో పెట్టి విసురుగా వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగాక నవ్వొచ్చింది. ఆ నవ్వు మీద కూడా కోపమొచ్చింది.

వాయిదా వేసిన రోజు పొద్దున్నే అతను చెకింగ్ టేబుల్ దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఫొటోల కవర్ నిండా అంకెలే.

"ముప్ఫై తొమ్మిది దాకా ఒక్కటీ చెదరలేదండీ. నా మెదడు చెదిరింది. నలభై దగ్గర తప్పింది. పదహారు వందల ఎనభై ఒకటి."

"దాన్ని భాగించింది ఎవరు?"

అతను తల గోక్కున్నాడు. "నలభై ఒకటే. నలభై ఒక్కసార్లు."

"చూశారా! మీరు పట్టుకు వేలాడిన ఆ నలభై దగ్గరే తేడా వచ్చింది. అప్పుడు కూడా ఆదుకున్నది ఎవరు? మీరు పక్కకి తప్పుకోమన్న నంబర్!"

"ఒప్పుకున్నా. ఇప్పుడు ఇది కూడా చూసి తిట్టండి." జేబులోంచి గుప్పెడు చొక్కా బొత్తాలు తీసి టేబుల్ మీద పోశాడు. మధ్యలో ఒకటి పెట్టాడు. దాని చుట్టూ నాలుగు. వాటి చుట్టూ ఎనిమిది, తర్వాత పన్నెండు, తర్వాత పదహారు. బల్ల మీద నిక్కచ్చిగా ఒక డైమండ్ ఏర్పడింది.

ఆమె మనసులో గబగబా కూడుకుంది. నలభై ఒకటి! లెక్కలు చదివిన తనకి తట్టనిది ఈ కెమెరా మనిషికి తట్టిందే! మధ్యలో బొత్తాన్ని వేలితో పక్కకి జరిపింది. డైమండ్‌కి నడిబొడ్డున చిల్లు పడినట్టయింది. మళ్లీ దాన్ని జాగ్రత్తగా దాని చోట పెట్టేసింది.

"ఆ మధ్య చోటు మీది," అన్నాడు.

"జాలా? నాకు జాలి అక్కర్లేదు."

"జాలి ఎందుకండీ?" అంటూ కవర్లోంచి ఒక ఫొటో తీశాడు. మొన్న వానకి ముందు తీసిన ట్రయల్. నలభై గొడుగులూ మసకమసకగా ఉన్నాయి. ఒక మూల, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి గుడ్లురుముతూ ఆమె మాత్రం స్పష్టంగా ఉంది. "మిమ్మల్ని ఫ్రేమ్‌లోంచి తీసేశాననుకున్నా. నా చూపు వేరేగా అనుకుంది. పదకొండు ఫొటోలు తీస్తే పదకొండూ ఇంతే."

ఆమె బుగ్గలు వేడెక్కాయి. ఇది కోపమేనని తనకి తాను గట్టిగా చెప్పుకుంది.

ఆ రోజు ఫొటో డైమండ్‌లా తీశారు. వరసలేవని సూపర్‌వైజర్ గొణిగితే పెద్దక్క, "మేడ ఎక్కి చూడండి సార్, తర్వాత గొణగండి," అంది. కెమెరా నొక్కే క్షణంలో మధ్య గొడుగు ఒక్కటే వెనక్కి వాలింది. నలభై నల్లటి గొడుగుల నడుమ ఒక ముఖం, పైకి చూస్తూ, చిరాగ్గా, అందంగా. క్యాలెండర్‌లో అదే వేశారు.

వానాకాలమంతా వంగిన ఊచ గొడుగు కింద ఇద్దరూ పోట్లాడుకుంటూ నడిచారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేస్తుండగా ఇంటి తలుపు కొట్టారెవరో. నాన్న తీశాడు. క్యాలెండర్ ఫొటో తీసిన అబ్బాయి, రెండు చంకల్లో రెండు మడత కుర్చీలతో.

"ఇవెందుకు బాబూ?"

"మీ ఇంట్లో నాలుగు ఉన్నాయటగా అంకుల్. ఇవి రెండూ కలిపితే ఆరు. మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని అడగడానికొచ్చాను. మీరు సరేనంటే మనం ఆరుగురం."

నానమ్మ ముద్ద ఆపింది. "ఆరేమిట్రా అబ్బాయ్, లెక్కలు చెప్తున్నావు?"

"ఆరుని భాగించే, ఆరుకంటే చిన్న సంఖ్యలు ఒకటి, రెండు, మూడు. మూడూ కూడితే మళ్లీ ఆరే వస్తుంది బామ్మగారూ. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పరిపూర్ణ సంఖ్య అంటారట. మీ మనవరాలే తిడుతూ నేర్పింది."

అప్పుడు నాన్న వెనక్కి తిరిగి చూశాడు. వంటగది గట్టుకి ఆనుకుని, చేతిలో కంచంతో నిలబడి ఉంది కూతురు. ఆయన చూపు ఆమె మీంచి నాలుగు కుర్చీల మీదికి, మళ్లీ ఆమె మీదికి వెళ్లింది.

"ఇన్నేళ్లూ నువ్వు నిలబడే తింటున్నావా తల్లీ?"

"ఇప్పుడు కనపడ్డానా నాన్నా?" అని గట్టిగానే అడిగింది.

నాన్న అబ్బాయి చంకలోంచి ఒక కుర్చీ తీసుకుని తనే విప్పి, తన పక్కన వేశాడు. అన్నయ్య తలొంచుకుని ఇటు జరిగాడు. అమ్మ కంచం అందుకుని బల్ల మీద పెట్టింది.

ఆమె కూర్చుంది. ముక్కు ఎగబీల్చి, కళ్లు తుడుచుకుని, గుమ్మంలో రెండో కుర్చీతో దిక్కులు చూస్తున్న మనిషి మీదికి గయ్యిమంది.

"అక్కడే నిలబడతారేం? ఈ ఇంట్లో ఇంక ఎవరూ నిలబడి తినరు!"