హిల్కీయా గోడ లోపల

ఇరా రోడ్‌మన్ శవం పదకొండు రోజులుగా ఫ్రీజర్‌లో ఉంది.

ఎవరూ చంపలేదు. ఎనభై ఒక్క ఏళ్ల తాపీమేస్త్రీ. నిద్రలోనే గుండె ఆగింది. డాక్టర్ సంతకం పెట్టేశాడు. మామూలుగా అయితే పోలీసులకి ఇక్కడ పనే లేదు.

అయినా మార్చి నెల చలిలో, ఉదయం 8.10కి, డిటెక్టివ్ మెడీరోస్ ఆ ఫ్యూనరల్ హోమ్‌లో నిలబడ్డాడు.

"సాయంత్రం అయిదు దాకే టైమ్ సార్," అన్నాడు ఓనరు. "తర్వాత టౌన్ వాళ్లు పట్టుకెళ్తారు. దిక్కులేని శవాల పక్కన పెట్టి నంబర్ పలక పాతేస్తారు."

మూల కుర్చీలో ఇరా చెల్లెలు వెల్తియన్ కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్లు. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు.

"దిక్కులేకపోవడం ఏంటి నాయనా? ఆ ఆర్న్‌వెల్ శ్మశానం గోడ నలభై ఏళ్లు మా అన్నే నిలబెట్టాడు. ఏటా మంచుకి రాళ్లు జారడం, ఏటా వెళ్లి పేర్చడం. పైసా తీసుకోలేదు. లోపల ఇంత చోటిస్తే చాలన్నాడు."

ఆ చోటు దగ్గరే పేచీ. రోడ్ ఐలండ్‌కి మొదట్లో వచ్చిన బాప్టిస్టు హిల్కీయా ఆర్న్‌వెల్. ఆ గోడ లోపల ఆయన రక్తం పంచుకున్నవాళ్లనే పూడుస్తారు. రోడ్‌మన్‌లు అక్కడి నారగాన్సెట్ ఆదివాసీ తెగవాళ్లు. హిల్కీయా ఇంట్లో దాసీగా ఉన్న డోర్కాస్‌కి ఆయన వల్ల మెర్సీ అనే కూతురు పుట్టిందనీ, తాము మెర్సీ సంతానమనీ వాళ్లు చెప్తారు. రుజువు ఒక్కటే. చర్చి పాత రిజిస్టర్‌లో ఒక పేజీ.

"ఇరవై ఏళ్ల కిందట మేమిద్దరం కళ్లారా చూశాం," అంది వెల్తియన్. "ఇప్పుడా పేజీలో ఇంకేదో ఉందట. మెర్సీ పసిగుడ్డుగానే పోయిందట. మరి మేం ఎవరికి పుట్టాం, ఆకాశంలోంచి ఊడిపడ్డామా?"

పేజీ మార్చేశారు. అదే ఆమె కంప్లయింటు.

9.20. చర్చి. పాస్టర్ హాక్సీ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లేసుకుని, వేదిక కింద తొట్టిలోకి పైపుతో నీళ్లు పడుతున్నాడు. ఈ చర్చికి వచ్చి ఎనిమిది నెలలే అయింది.

"ఆదివారం ఇద్దరికి బాప్తిస్మం ఉంది సార్. ఒకావిడకి అరవై ఒకటి."

"మా కాథలిక్కులకి పాలు తాగే వయసులోనే అయిపోతుంది," అన్నాడు మెడీరోస్.

"ఏడుపు తప్ప ఏం తెలుస్తుంది ఆ వయసులో?" నవ్వాడు పాస్టరు. "ఆ రిజిస్టరంటారా, ఆ గొలుసుకట్టు రాత నాకు ఒక్క ముక్క అర్థం కాదు. హిల్కీయా వంశస్థుల సంఘంలో కొర్డీలియాగారని ఉన్నారు, ఆవిడ చదివి చెప్పిందే నాకు తెలుసు."

"బయటికి ఎప్పుడైనా ఇచ్చారా?"

"ఒక్కసారి. ఫిబ్రవరి 3న. స్కాన్ చేస్తామని ఆ ఆర్న్‌వెల్ సంఘంవాళ్లే మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్లారు. 4.40కి తెచ్చిచ్చారు."

"ఇరాకి ఒంట్లో బాగోలేదని ఊళ్లో ఎప్పుడు తెలిసింది?"

"జనవరి చివర్లో."

మనిషి ఇంకా బతికుండగానే మొదలెట్టారన్నమాట.

10.30. సంఘం హాలు. గోడ నిండా వంశవృక్షాలు. అధ్యక్షుడు ప్రెస్టన్ ఆర్న్‌వెల్‌కి అరవై ఎనిమిదేళ్లు, పదకొండో తరం. అతని నీలం టై మీద చిన్న చిన్న కొరడాలు కుట్టి ఉన్నాయి.

"మా చిహ్నం," అన్నాడు టై సవరించుకుంటూ. "మా మూలపురుషుణ్ని మసాచుసెట్స్‌లో స్తంభానికి కట్టి ఇరవై కొరడా దెబ్బలు కొట్టారు. విశ్వాసం కోసం వీపు చీల్చుకున్న వంశం మాది."

పక్కనే సంఘం వంశావళి రాసే కొర్డీలియా ఆర్న్‌వెల్ తల వంచుకుని ఉంది. వేళ్లకి ఇంకు మరకలు.

"ఆ పేజీ మీద మీ ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్ చూశారుగా?" అన్నాడు ప్రెస్టన్. "కాగితం ఆనాటిది. ఇంకు ఆనాటి రకం. ఆ ముసలావిడకి మతి తప్పింది, పాపం."

"ఒక్క సమాధికి చోటిస్తే మీకేం పోతుంది?"

"మీరు అర్థం చేసుకోవాలి ఆఫీసర్. ఇవాళ ఒకణ్ని రానిస్తే రేపు రెండొందల మంది వస్తారు. గోడ కట్టాడు, మంచిదే. పనివాడు పనివాడే. మా అమ్మ పక్కన ఎలా పడుకోబెడతాం చెప్పండి?"

చేయి చాచాడు. మెడీరోస్ కలపక తప్పలేదు. మెట్లు దిగుతూ ఆ చేతిని ప్యాంటుకి రుద్దుకున్నాడు. ఛీ, ఛీ. హంతకుల చేతులకి బేడీలు వేసినప్పుడు కూడా ఇంత కంపరం పుట్టలేదతనికి.

11.45. కారులో కూర్చుని, పాస్టర్ దగ్గర తీసుకున్న రిజిస్టర్ తిరగేశాడు. చివర్లో ఉన్న ఖాళీ పేజీలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత కొర్డీలియా టైపు చేసిచ్చిన నకలు తీసి, గొడవపడుతున్న నాలుగు లైన్లు మొదటిసారి నిదానంగా చదివాడు.

"ఓరి దరిద్రుడా!" అన్నాడు పైకే.

2.00. చర్చిలో అందర్నీ కూర్చోబెట్టాడు. ప్రెస్టన్, కొర్డీలియా, పాస్టరు, వెల్తియన్.

"పాస్టర్‌గారూ, మీకు బాప్తిస్మం ఏ వయసులో?"

"పదిహేడు."

"వెల్తియన్‌గారూ?"

"పద్నాలుగు. చెరువులో. పళ్లు టకటక కొట్టుకున్నాయి."

"ప్రెస్టన్‌గారూ?"

"ఏం ప్రశ్నలివి? ఆరు వారాలప్పుడు. మా నాయనమ్మ కుట్టిన లేసు గౌనులో. నాలుగు తరాలుగా మాది ఎపిస్కోపల్ చర్చి. ఊళ్లో పెద్దవాళ్లంతా అక్కడే."

"మంచిది. కొర్డీలియాగారూ, ఆ లైన్లు పైకి చదవండి."

ఆమె తల ఎత్తకుండానే చదివింది. "1689, జనవరి 11. హిల్కీయా కూతురు మెర్సీ, పుట్టిన మూడవ దినమున, నదిలో బాప్తిస్మము పొందెను. 14న మరణించెను."

పాస్టరు దిగ్గున లేచాడు. "పసిబిడ్డకా? మా చర్చిలోనా? జన్మలో జరగదు! నోటితో విశ్వాసం ఒప్పుకోనివాళ్లని మావాళ్లు నీళ్లలోకే దింపరు. పైగా జనవరి. నది గడ్డకట్టి ఉంటుంది!"

"అదీ సంగతి," అన్నాడు మెడీరోస్. "అందరూ కాగితం చూశారు. ఇంకు చూశారు. రాసిందేంటో ఎవడూ ఆలోచించలేదు. పాస్టర్‌గారూ, పొద్దున్న మీరు ఆ బాప్తిస్మం మాట అనకపోతే నాకూ తట్టేది కాదు. కాగితం పాతదే. ఈ రిజిస్టర్ చివర్లోంచి ఒక ఖాళీ పేజీ బ్లేడుతో కోశారు. కోసిన అంచు అలాగే ఉంది. ప్రెస్టన్‌గారూ, మీ మూలపురుషుణ్ని ఎందుకు కొట్టారు?"

"చెప్పానుగా. విశ్వాసం కోసం."

"ఏ విషయంలో?"

ప్రెస్టన్ మళ్లీ టై సవరించుకున్నాడు.

"నేను చెప్తాను," అన్నాడు పాస్టరు మెల్లగా. "తన బిడ్డకి బాప్తిస్మం ఇప్పించనన్నందుకు. పసిపిల్లలకి ఇవ్వడం తప్పని కోర్టులో నిలబడి చెప్పినందుకు."

"విన్నారా? ఆయన దేనికి దెబ్బలు తిన్నాడో అదే ఆయన చేత చేయించారు మీరు. దెబ్బలు టై మీద కుట్టించుకున్నారు గానీ, ఎందుకు పడ్డాయో తెలుసుకోలేదు. ఇక్కడున్న బాప్టిస్టులిద్దరూ ఈ తప్పు చెయ్యరు. చేసినవాళ్లు మిగతా ఇద్దరే."

మెడీరోస్ కొర్డీలియా వైపు తిరిగాడు.

"మీ వేళ్ల మరకలే చెప్తున్నాయి, ఆ పాత రకం ఇంకూ రాతా మీవే. అసలు పేజీ ఏమైంది?"

"నోరు మూసుకో కొర్డీలియా," అన్నాడు ప్రెస్టన్.

ఆమె అప్పటికే హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "తగలబెట్టమన్నాడు. నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్లుగా పాత కాగితాలే నా బతుకు." పలచటి కవరు తీసి, ఏడుస్తూనే చదివింది. "1689, జూన్. మెర్సీ, పదిహేడేండ్లది, హిల్కీయాకు దాసి డోర్కాసు వలన పుట్టినది, తన నోట విశ్వాసము ఒప్పుకొని నీళ్లలో దిగెను. తండ్రి ఆమె చెయ్యి పట్టుకొని నిలిచెను."

"కూతురి చెయ్యి పట్టుకున్నాడు, సరే," అంది వెల్తియన్. "డోర్కాస్‌ని ఎవరడిగారు?"

గొప్ప వంశం! మెడీరోస్‌కి ఆ కొరడాల టై లాగి తొట్టిలో పారేయాలనిపించింది. దానికి బదులు బేడీలు తీశాడు.

"ఆగు నాయనా," అంది వెల్తియన్. "టైమ్ ఎంత?"

"2.35."

"పాస్టరుగారూ, ఆ గోడ లోపల ఆచారం ఏంటో ఈ సారుకి చెప్పండి."

"కుటుంబంలో ఎవరు పోయినా వంశానికి పెద్ద, అంటే సంఘం అధ్యక్షుడు, మొదటి పిడికెడు మట్టి వెయ్యాలి."

"అది అయ్యాక పట్టుకెళ్లు."

"ఇంత జరిగాక కూడా మీ అన్నని వీళ్ల మధ్యే పెడతారా?" మెడీరోస్ ఉండబట్టలేక అడిగాడు. "నాకైతే తలుచుకుంటేనే రోత పుడుతోంది."

"నాకు మాత్రం పుట్టదా? మా అన్న వీళ్ల కోసం అడగలేదు. మెర్సీ అక్కడుంది. గిట్టనివాళ్లుంటే వాళ్లే లేచి పోతారు."

4.25కి పెట్టె దించారు. సముద్రం మీది గాలి కోసేస్తోంది. ప్రెస్టన్ గుంట అంచున నిలబడ్డాడు. అవతల కానిస్టేబుల్, ఇవతల మెడీరోస్. తోలు గ్లవ్స్ వేసుకున్న చేత్తో వంగి, వేళ్ల కొసలతో చిటికెడు మట్టి తీశాడు. మూతి వంకరపోయింది.

వెల్తియన్ అతని మణికట్టు పట్టుకుంది.

"గ్లవ్స్ తియ్యి తమ్ముడూ. పిడికెడు వెయ్యాలి," అంది. "పోయింది మీ అన్న."